నిర్మల రెండో విండో

నిర్మలను మొదటిసారి చూసినవాళ్ళు ఆమె ఎవరిమీదో కోపంగా ఉందనుకుంటారు. కోపమేమీ లేదు. మాట్లాడేటప్పుడు ఎదుటి మనిషి కళ్ళలోకి సూటిగా చూడడం ఆమె అలవాటు, అంతే. కానీ ఆడపిల్ల, అందులోనూ చీపురు పట్టుకుని ఉద్యోగంలో చేరిన ఆడపిల్ల అలా చూస్తే మన దగ్గర దానికి పొగరు అని పేరు పెడతారు. పెట్టనీ. పేరు పెట్టినంత సులువుగా మనిషిని వంచలేరని 2011లో ఒక శుక్రవారం నాడు, శంషాబాద్‌లో కార్గో గోదాముల పక్కనున్న ఒక రేకుల ఆఫీసులో తేలిపోయింది.

విమానాశ్రయం కింద పోయిన పొలాల్లో ఆమె తండ్రి జంగయ్యవి నాలుగెకరాలు ఉన్నాయి. 2008లో విమానాలు దిగడం మొదలైనప్పుడు నిర్మలకు ఇరవై మూడేళ్ళు, చేతిలో ఇంటర్ పాసైన కాగితం. గోదాములకు మనుషులను పంపే కాంట్రాక్టు కంపెనీలో ఊడ్చే పని ఉందంటే వెళ్ళి చేరింది. ఇంటర్ చదివి చీపురేందని చుట్టుపక్కల వాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు.

"మా జొన్న చేను ఉన్న జాగనే ఊడుస్తున్న. నాకేం నామోషి?" అంది నిర్మల. బుగ్గలు నొక్కుకున్నవాళ్ళు ఆ పైన నోళ్ళు కూడా నొక్కుకున్నారు.

కంపెనీ ఆఫీసులో అప్పుడు కంప్యూటర్ ముందు కూర్చునేది మైలార్‌దేవ్‌పల్లి నుంచి వచ్చే బిందు. గోదాముల్లో పనిచేసేవాళ్ళ గేటు పాసుల మీది చిన్న నెంబర్లు చదవలేక ఆమెకు తలనొప్పి వచ్చేది. నేల తుడుస్తున్న నిర్మలను పిలిచి నెంబర్లు చదివించుకునేది. కొన్నాళ్ళకు చదవడమూ, కంప్యూటర్‌లో కొట్టడమూ రెండూ నిర్మలవే అయ్యాయి. 2009లో బిందు సిటీలో వేరే ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోతే, ఆఫీసు ఇన్‌చార్జి ఉదయభాస్కర్ నిర్మలను పిలిచి, "కొత్త మనిషి వచ్చేదాకా రెండు రోజులు నువ్వు చూసుకోమ్మా" అన్నాడు. ఆ రెండు రోజులు రెండేళ్ళయ్యాయి. కొత్త మనిషి రాలేదు. వచ్చే అవసరం ఏముంది, పాత మనిషి ఉండగా? కంపెనీ పట్టీలో ఆమె స్వీపరుగానే ఉండిపోయింది. పొద్దున ఏడింటికి ఆ గది ఊడ్చేది, తొమ్మిదింటికి అదే గదిలో కుర్చీ ఎక్కేది. ఇంత గొప్ప ఏర్పాటు ఎవరి బుర్రలో పుట్టిందో గాని, ఆ బుర్రకు దండేసి పూజ చేయాలి.

ఆమె చూసే ఫైలు పేరు పాస్‌లిస్ట్. ఎనిమిది వందల పైచిలుకు మనుషులు అందులో ఉన్నారు. షాద్‌నగర్ నుంచి వచ్చేవాళ్ళు, రావిర్యాల వాళ్ళు, చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు. ఒక్కొక్కరికి ఒక్కో వరుస: పేరు, తండ్రి పేరు, ఊరు, పని, పాసు నెంబరు, గడువు తేదీ. మెడలో పాసు లేకపోతే గేటు దగ్గరి సెక్యూరిటీవాడు సొంత మేనమామ అయినా లోపలికి వదలడు. గడువు దగ్గర పడినవాళ్ళ పేర్లు మళ్ళీ కొత్త వరుసలుగా ఫైలు చివర్లో చేర్చి, ఆ లిస్టు పాసుల ఆఫీసుకు పంపితే కొత్త పాసులు వస్తాయి.

చిక్కంతా ఇక్కడే ఉంది. పాత వరుస పైన ఎక్కడో డెబ్బయ్యో నెంబరులో, కొత్త వరుస కింద ఎనిమిది వందలు దాటాక. పైకి వెళ్ళి చూడాలి, కిందికి వచ్చి కొట్టాలి, మళ్ళీ అనుమానం వస్తే పైకి వెళ్ళాలి. బిందు నెంబరును అరచేతిలో పెన్నుతో రాసుకునేది. నిర్మల కూడా కొన్ని నెలలు అదే చేసింది. ఒకసారి చేతికి చెమట పట్టి మూడు ఎనిమిది అయ్యింది, ఒక ముసలాయన గేటు బయట పూటంతా నిలబడాల్సి వచ్చింది. ఆ రోజు నిర్మల అన్నం ముట్టలేదు.

2011లో తెలంగాణ కోసం బందులు, రాస్తారోకోలు ఎక్కువ. ఒక బందు రోజున బస్సులు లేకపోతే ఊరి నుంచి నడిచి ఆఫీసుకు వచ్చింది. వాచ్‌మన్, ఆమె తప్ప పురుగు లేదు. సరే, ఇవాళ దీని సంగతేందో చూద్దామని తెర మీద ఉన్న బొమ్మలన్నీ వరసపెట్టి నొక్కింది. నొక్కితే పేలదు కదా. 'వ్యూ' అన్నచోట 'న్యూ విండో' అని ఒకటి కనిపించింది. నొక్కగానే అదే ఫైలు ఇంకొకసారి తెరుచుకుంది. పైన పేర్లు మారాయి: ఒకదానికి పాస్‌లిస్ట్:1, రెండోదానికి పాస్‌లిస్ట్:2. పక్కనే 'అరేంజ్ ఆల్' నొక్కితే రెండూ ఒకదాని కింద ఒకటి సర్దుకున్నాయి. పై విండోలో డెబ్బయ్యో వరుస పెట్టుకుంది, కింది విండోలో ఎనిమిది వందలది. చూడ్డం పైన, కొట్టడం కింద. అరచేయి ఖాళీ.

కాసేపటికి ఇంకొకటి కూడా కనిపెట్టింది. కింద ఒక పేరు మార్చి, పై విండోను కూడా అక్కడికే జరిపి చూస్తే అక్కడా మారిపోయి ఉంది. అంటే ఇవి రెండు ఫైళ్ళు కావు. ఉన్నది ఒక్కటే, దాన్ని రెండు చోట్ల నుంచి చూస్తున్నాం. ఈ ముక్క మర్నాడే ఉదయభాస్కర్‌కు చెప్పబోయింది.

"సరేలేమ్మా, పని అయితే చాలు," అన్నాడాయన ఫోను చెవి మీంచి తీయకుండానే.

ఆయన చెడ్డవాడేమీ కాదు. తణుకు దగ్గరి నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడినవాడు, పండగలకు అందరికీ స్వీట్లు తెచ్చేవాడు. కానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. ఆయన కంప్యూటర్ నిండా ఫైలుకు నాలుగేసి కాపీలు: ఫైనల్, ఫైనల్ రెండు, ఉదయ్ ఫైనల్, ఇదే ఫైనల్. ఆఫీసులో అందరిదీ అదే అలవాటు. ఒకే పేరుతో రెండు కనిపించాయంటే ఒకటి అసలు, ఇంకోటి చిత్తు అని వాళ్ళ లెక్క.

గురువారం సాయంత్రం నిర్మల నలభై మూడు కొత్త వరుసలు చేర్చి, రెండు విండోలూ అలాగే ఉంచి సేవ్ చేసి ఇంటికి వెళ్ళింది. అలా సేవ్ చేస్తే ఫైలు మళ్ళీ తెరిచినప్పుడు రెండు విండోలతోనే తెరుచుకుంటుంది. ఆమెకు అది వీలుగా ఉండేది.

శుక్రవారం పదకొండింటికి పాసుల ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. ఆ రోజుతో గడువు తీరే నలభై మూడు మంది పేర్లు పంపిన లిస్టులో లేవు. సాయంత్రం నాలుగు లోపల సవరించిన లిస్టు, పొరపాటుకు కారణం చెప్పే ఉత్తరం రాకపోతే వాళ్ళెవరికీ రేపటి నుంచి ప్రవేశం లేదు.

నిర్మల ఫైలు తెరిచి చూసింది. చివరి నలభై మూడు వరుసలు లేవు. ఊడ్చినట్టు పోయాయి. అందులో తనతోపాటు ఊడ్చే సత్తెమ్మ పేరు ఉంది. పెద్దావిడ, ఇంట్లో ఆమె ఒక్కతే పని చేసేది. అందులో నిర్మల పేరూ ఉంది.

పావుగంటలో ఉదయభాస్కర్ ఒక కాగితం తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. రెండు వేళ్ళతో తానే కొట్టుకొచ్చాడు. నలభై మూడు పేర్లు నిర్మల పొరపాటున చెరిపేసిందని, అందుకు ఆమె విచారిస్తోందని దాని సారాంశం. కింద ఆమె సంతకానికి గీత గీసి ఉంది.

"సంతకం పెట్టమ్మా. టైము లేదు."

"నేను తీయలే సార్."

"నువ్వు తీయక ఇంకెవరు తీస్తారు? ఫైలు చూసేది నువ్వే కదా."

"అండ్ల నా పేరు సుత ఉంది. నా పేరు నేనే తీసుకుంటనా?"

"అందుకేగా పొరపాటున అని రాసింది," అన్నాడు ఉదయభాస్కర్, పెద్ద ఉపకారం చేసినట్టు.

ఆ సంతకం ఖరీదు ఆఫీసులో అందరికీ తెలుసు. పాసుల ఫైలు పాడుచేశానని రాసిచ్చిన మనిషికి మళ్ళీ పాసు పెట్టకూడదని కంపెనీ రూలు. అంటే ఈ రాత్రి పన్నెండు దాటితే నిర్మల ఆ గేటు లోపలికి అడుగు పెట్టలేదు. తండ్రి నాగలి పట్టిన నేల మీద కాలు పెట్టడానికి మెడలో పాసు వేలాడేసుకోవడమే ఒక వింత. ఇప్పుడు ఆ పాసు కూడా ఉండదు. చేయని తప్పుకు.

"పెట్ట సార్," అంది.

"ఏమిటీ?"

"సంతకం పెట్ట."

ఉదయభాస్కర్‌కు ఈ మాట కొత్త. ఎర్రబడ్డాడు. "ఊడ్చే పనికి వచ్చినదానివి, పోనీలే అని కుర్చీలో కూర్చోబెడితే ఇదా!" అంటూ మేనేజర్ గదిలోకి వెళ్ళాడు.

మేనేజర్ నరసరాజు అరవైకి దగ్గర పడిన మనిషి. భీమవరం వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్ళయింది. గొంతు పెంచడు, కానీ గడియారం చూడకుండా ఎవరి మాటా వినడు. బయటికి వచ్చి నిర్మల బల్ల దగ్గర నిలబడ్డాడు.

"ఏంటమ్మా నిర్మలా, ఏం జరిగింది?"

"నిన్న అయిదింటికి నేను పోయేటప్పుడు పేర్లున్నయి సార్. పొద్దుగాల లేవు. నడుమ ఫైలు తెరిచింది ఎవరో జర అడుగున్రి."

"నిన్న రాత్రి నేనే తెరిచాను సార్," అన్నాడు ఉదయభాస్కర్, గుండె మీద చెయ్యి వేసుకుని. "లిస్టు పంపాలి కదా. ఒరిజినల్ వైపు చెయ్యి కూడా పెట్టలేదు. ఈ అమ్మాయి ఎవరికీ చెప్పకుండా పాస్‌లిస్ట్ రెండు అని ఇంకో కాపీ చేసుకుంది. దాంట్లో వేసిన పేర్లే మళ్ళీ వేసి గందరగోళంగా ఉంటే, ఆ చిత్తంతా తీసేశాను. ఒరిజినల్ చూసుకునే సేవ్ చేశాను. మొదటి పేజీ నుంచి చక్కగా ఉంది."

నిర్మల ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. జరిగింది మొత్తం ఆమెకు అర్థమైపోయింది. పై విండోలో ఫైలు మొదలు కనిపిస్తోంది, అది చక్కగానే ఉంటుంది. కింది విండోలో ఉన్నది అదే ఫైలు చివర. పాత వరుసల్లోని పేర్లే గడువు కోసం అక్కడ మళ్ళీ వస్తాయి. చిత్తు అనుకుని ఆయన తీసేసినవి అసలువే. అది ఆయన నోటితోనే, సొంత ప్రయోజకత్వంలా చెప్పుకున్నాడు.

కుర్చీలోంచి లేచి దాన్ని మేనేజర్ వైపు జరిపింది. "మీరు గీడ కూసోన్రి సార్."

నరసరాజు గడియారం చూసి కూర్చున్నాడు. నిర్మల పక్కన వంగి ఫైలుకు రెండో విండో తెరిచింది. రెండూ పైన ఒకటి, కింద ఒకటి సర్ది, రెంటిలోనూ మొదటి వరుస కనిపించేలా పెట్టింది. మొదటి వరుసలో ఉన్నది నరసరాజు పేరే. కంపెనీలో ఆయన పాసే ఒకటో నెంబరు.

"సార్ చెప్పిన చిత్తు కాపీ అంటె గిదే, కిందిది. దీంట్ల మీ వరుస తీసెయ్యున్రి."

"నాదా?"

"చిత్తే కద సార్. ఏమైతది?"

నరసరాజు ఉదయభాస్కర్ వైపు చూశాడు. ఉదయభాస్కర్ ధీమాగా తలూపాడు. మేనేజర్ కింది విండోలో తన వరుస పట్టుకుని డిలీట్ కొట్టాడు. కింద పోయింది. అదే క్షణంలో పైన, అసలుదని ఉదయభాస్కర్ ప్రమాణం చేసిన దాంట్లోనూ పోయింది. ఒకటో వరుసలో ఇప్పుడు షాద్‌నగర్ డ్రైవరు ఒకాయన ఉన్నాడు.

"ఇగ మీరు సుత పోయిన్రు సార్," అంది నిర్మల.

"తియ్యి, తియ్యి, వెనక్కి తియ్యి," అన్నాడు నరసరాజు. పాసు మెడలోనే ఉందో లేదో చేత్తో తడుముకున్నాడు కూడా.

నిర్మల పోయిన వరుసను వెనక్కి తెచ్చింది. "బాయి ఒక్కటే సార్, మోటలు రెండు. ఎటు దిక్కు నుంచి తోడినా నీళ్ళు గా బాయిలయే. సేవ్ గిట్ల చేయలేదు గనక మీరు వాపస్ వచ్చిన్రు. నిన్న సార్ తీసి, సేవ్ కొట్టి, బంద్ చేసిండు. గా నలభై మూడు మంది వాపస్ రారు."

ఉదయభాస్కర్ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. నిజానికి ఆయన దొంగ కాదు, తెలియక చేశాడు. ఆ మాట నిర్మలకు తెలుసు. కానీ తెలియక చేసినవాడు ఆ తప్పును తెలిసినవాళ్ళ మెడకు చుట్టబోతే జాలి పడడం కష్టం.

నరసరాజు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. న్యాయం ఎటుందో ఆయనకు కనిపించింది. అయితే కనిపించినంత మాత్రాన న్యాయం జరిగితే ఇన్ని ఆఫీసులు ఎందుకు ఉంటాయి?

"చూడమ్మా," అన్నాడు మెల్లగా. "ఉదయభాస్కర్ పేరు మీదనే కంపెనీకి పాసుల ఆఫీసులో లావాదేవీలన్నీ. ఆయన సంతకం పెడితే కంపెనీ పరువు పోతుంది. నువ్వు ఈ ఒక్కసారికి పెట్టేయ్. రెండు మూడు నెలలు ఆగాక నీ పాసు సంగతి నేను చూసుకుంటాను. నా మాట నమ్ము."

అంతసేపూ స్థిరంగా ఉన్న నిర్మలకు అప్పుడు ఒళ్ళు మండింది. నిజం తెలియక అడిగినవాడిని అయినా క్షమించవచ్చు. తెలిసీ అడుగుతున్నాడే ఈయన.

"మీరు చూసుకునేది ఏంది సార్? రేపు గేటు కాడ చూసేది సెక్యూరిటోళ్ళు. గదే తప్పు సార్ పేరు మీద రాస్తె కంపెనీ పరువు. నా పేరు మీద రాస్తె నేను ఇంట్ల కూసునుడు. తప్పుకు మనిషిని బట్టి వేరే వేరే రేటా?"

నిర్మల కీబోర్డును తన వైపు లాక్కుంది.

"ఇంకో మాట. పేర్లు నేను కొడ్త. ఇప్పుడే కొడ్త. సత్తెమ్మ పాసు పోకూడదు, ఎవ్వరి పాసు పోకూడదు. సంతకం పెట్టకపోతె పేర్లు కొట్టనని బేరం పెడ్తలేను. కానీ సంతకం మాత్రం పెట్ట. మీరు వెళ్ళగొట్టినా పెట్ట."

నరసరాజు గడియారం చూశాడు. పన్నెండున్నర. "ముందు పేర్లు కొట్టు," అని లేచి లోపలికి వెళ్ళాడు.

నలభై మూడు మంది వివరాలు ఇప్పుడు పాత వరుసల్లో కొన్ని, వాళ్ళ మెడల్లోని పాసుల మీద కొన్ని ఉన్నాయి. పాసు మెడలోంచి తీస్తే లోపల తిరగకూడదు. అందుకని సత్తెమ్మ గోదాముల్లోకి వెళ్ళి పని చేస్తున్నవాళ్ళను అయిదుగురేసి చొప్పున ఆఫీసుకు తోలుకొచ్చింది. ఒక్కొక్కరూ బల్ల దగ్గర వంగి పాసు చూపించారు. పై విండోలో పాత వరుస, కింది విండోలో కొత్త వరుస, పక్కన వేలాడుతున్న పాసు. నిర్మల మూడూ సరిచూసుకుంటూ కొట్టుకుంటూ పోయింది.

"ఏంది బిడ్డా, నిన్ను తీసేస్తున్నరంట?" అంది సత్తెమ్మ తన వంతు వచ్చినప్పుడు.

"ఎవరు చెప్పిన్రు? నేను ఇంకా ఒప్పుకోలే కదా."

మిగిలినవాళ్ళను పిలిచే పని ఇంకొకరికి అప్పగించి సత్తెమ్మ అక్కడే గోడవారన కూర్చుంది. పని చేసుకోమని ఉదయభాస్కర్ రెండుసార్లు చెప్పినా కదలలేదు. ఆ తర్వాత వచ్చిన అయిదుగురూ వెళ్ళకుండా ఆమె పక్కన చేరారు. మూడున్నరకల్లా ఆ గదిలో చీపుర్లతో, తట్టలతో పదిహేడు మంది ఆడవాళ్ళు ఉన్నారు. కూర్చున్నారు, అంతే.

నరసరాజు బయటికి వచ్చి ఆ గదిని ఒకసారి చూశాడు. తర్వాత ఉదయభాస్కర్‌ను లోపలికి పిలిచాడు. పది నిమిషాలకు ఇంకో ఉత్తరం బయటికి వచ్చింది. ఫైలు సరిచూసేటప్పుడు తన పొరపాటు వల్ల నలభై మూడు పేర్లు తొలగిపోయాయని, దాని కింద ఉదయభాస్కర్ సంతకం ఉంది. ఆయనకు కంపెనీ నుంచి ఒక హెచ్చరిక కాగితం ఇస్తారట. పాసు జోలికి పోరట. రూలు ఎక్కడికి పోయిందో ఎవరూ అడగలేదు. నిర్మల అడగాలనుకుంది గాని, అప్పటికి లిస్టు ప్రింటు తీస్తోంది.

ఉదయభాస్కర్ ప్రింటు కాగితాలు ఒక్కొక్కటే చూశాడు. ఈసారి ప్రతి వరుసా వేలు పెట్టి చదివాడు. నలభై మూడో వరుస దగ్గర వేలు ఆగింది. నిర్మల, తండ్రి జంగయ్య. పని అన్నచోట కంప్యూటర్ ఆపరేటర్ అని ఉంది.

"సార్, ఇది చూడండి," అని మేనేజర్‌కు అందించాడు.

నరసరాజు చదివి తలెత్తాడు. "నిర్మలా, పాత పాసులో నువ్వు స్వీపరువి కదా. ఇక్కడ తప్పు పడింది."

"తప్పు కాదు సార్." నిర్మల బల్ల మీద ఇంకా అలాగే పడి ఉన్న పొద్దుటి కాగితం తీసి, తన సంతకం లేని ఆ కాగితం మొదటి వాక్యం మీద వేలు పెట్టింది. "ఇండ్ల ఏం రాసిన్రో చూడున్రి. 'మా కంప్యూటర్ ఆపరేటర్ నిర్మల' అని. తప్పు మోసేటందుకు పొద్దుగాల ఆపరేటర్‌నైతి. పాసు కాడికి వచ్చేసరికి మల్ల స్వీపర్‌ని ఎట్లయిత?"

గోడవారన ఎవరో చిన్నగా దగ్గారు. నరసరాజు ఆ కాగితం చూశాడు, లిస్టు చూశాడు, గడియారం చూశాడు. నాలుగుకు పది నిమిషాలు తక్కువ. ఉదయభాస్కర్ వైపు మాత్రం చూడలేదు. జేబులోంచి పెన్ను తీసి లిస్టు కింద సంతకం పెట్టాడు.

నిర్మల కాగితాలు తీసుకోలేదు. కంపెనీ ముద్ర డబ్బా మూత తీసి ఆయన ముందు పెట్టింది.

"స్టాంపు సుత వెయ్యున్రి సార్," అంది.